నల్లబండ నల్లగా కనిపించిన రోజు

ప్రశ్న: సార్, నేను కడప జిల్లాలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా బడిలో ఈ ఏడాది జూన్ నుంచి శనివారం మధ్యాహ్నాలు ఫోటోగ్రఫీ తరగతి నడుపుతున్నారు. ఇరవై మందిమి ఉన్నాము, బడి కెమెరాలు రెండే కాబట్టి ఎక్కువగా మా నాన్న ఫోన్‌తోనే తీస్తుంటాను. నాన్న ఎర్రగుంట్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఇప్పుడు ఏడాది ముగుస్తోంది కనుక పన్నెండు ఫోటోలు ఎంచి, వాటితోపాటు ‘ఈ తరగతిలో నా ఎదుగుదల’ అని రెండు పేజీలు రాసి ఇమ్మన్నారు. నాకు ఏ ఎదుగుదలా కనిపించడం లేదు. మొదట్లో ఒక్క రోజులో రెండు వందల ఫోటోలు తీసేదాన్ని, అన్నీ బాగున్నట్టే ఉండేవి, గ్రూపులో అందరూ మెచ్చుకునేవారు. ఇప్పుడు వారమంతా కలిపి పదిహేను తీస్తే అందులో ఒక్కటీ నచ్చడం లేదు. నా స్నేహితురాలు ‘ఓపిక, ఆత్మవిశ్వాసం, సృజనాత్మకత పెరిగాయి’ అని రాసింది, మేడం బాగుందన్నారు. నేనూ అలాగే రాయాలా? నాలుగు ఫోటోలు పంపుతున్నాను. జూలైలో నాన్న ఫ్యాక్టరీ దగ్గర బండల దొంతర, అక్టోబరులో బడివాళ్లు తీసుకెళ్లినప్పుడు గండికోట, డిసెంబరులో శెనక్కాయలు వొలుస్తున్న మా అవ్వ (మొదట వద్దన్నది, నాలుగో రోజు తనే పిలిచింది), ఫిబ్రవరిలో మళ్లీ అదే బండల దొంతర (ఈసారి తెర మీద వెలుతురు కొంచెం తగ్గించి తీశాను). అవ్వ ఫోటో పన్నెండింటిలో పెట్టవచ్చా అన్నది కూడా చెప్పండి.

– ఒక విద్యార్థిని, కడప జిల్లా

సమాధానం: అమ్మా, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనవిగా తోచిన రెండు మాటలను నువ్వు బ్రాకెట్లలో పెట్టి దాటేశావు. అవ్వ నాలుగో రోజు తనే పిలిచిందన్నది ఒకటి, ఈసారి వెలుతురు తగ్గించి తీశానన్నది రెండోది. నీ మేడం అడిగిన రెండు పేజీలు ఆ రెండు బ్రాకెట్లలోనే ఉన్నాయని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో నీ ఫోటోలను ముందు పెట్టుకునే చెబుతాను.

గ్రూపులో పంపిన నకళ్లు కాకుండా అసలు ఫైళ్లనే పంపినందుకు సంతోషం. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు బొమ్మ కుదించుకుపోవడమే కాక, తీసిన వేళ, షటర్ వేగం (వెలుతురు కోసం కెమెరా ఎంతసేపు తెరుచుకుందన్నది), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించిందన్న కొలత) వంటి వివరాలు కూడా ఊడిపోతాయి. నీ ఫైళ్లలో అవన్నీ భద్రంగా ఉన్నాయి. జూలై ఫోటో మధ్యాహ్నం 12 గంటల 50 నిమిషాలకు తీశావు. మన జిల్లాలో ఆ నెల మధ్యాహ్నాలు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు రెండో వారంలోనైతే ఒక రోజు మనిషి నీడ పూర్తిగా పాదాల కిందికి చేరిపోతుంది. అంత నిలువుగా పడే ఎండలో బండల అంచులకు నీడ అన్నదే మిగలదు కాబట్టి, నువ్వు చూసిన ఇరవై ముప్ఫై బండల దొంతర ఫోటోలో ఒకే పలకలాగా అణగిపోయింది. పైగా ఆ రాయి బూడిద రంగులో ఉంది. కడప బండ నల్లనిదని దేశమంతటా ఇళ్లలో వంటగది గట్ల మీద చూసినవాళ్లకు తెలుసు. దాని మధ్యనే పెరిగిన నీకు ఇంకా బాగా తెలుసు. అయినా జూలైలో ఆ ఫోటో చూసి నువ్వు ‘బాగుంది’ అనుకుని గ్రూపులో పెట్టావు.

తప్పు నీ ఒక్కదానిదే కాదు, కెమెరా స్వభావంలోనే ఉంది. ఎదుటనున్నది రాయో, సున్నం కొట్టిన గోడో, నల్లమేకో కెమెరాలోని కొలమానానికి తెలియదు. పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే ఒక మధ్యరకం బూడిద రంగే లోకమంతా నిండి ఉందని అది అనుకుంటుంది. అందుకని నల్లదాన్ని చూస్తే ‘చీకటిగా ఉంది’ అని వెలుతురు పెంచి బూడిదగా చేస్తుంది, తెల్లదాన్ని చూస్తే ‘వెలుగు ఎక్కువైంది’ అని తగ్గించి దాన్నీ బూడిదగానే చేస్తుంది. ఇప్పటి ఫోన్లు దృశ్యాన్ని గుర్తుపట్టి సర్దుకోవడానికి కొంత ప్రయత్నిస్తాయి గానీ, తెర నిండా నల్లరాయి ఉంటే అవి కూడా చాలాసార్లు పొరపడతాయి. ఫిబ్రవరిలో నువ్వు తెర మీద వేలు పెట్టి, పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కిందికి జరిపావు. అంటే, కెమెరా చెప్పిన లెక్క ఈ రాతికి సరిపోదని నీకు తెలిసింది, దాని మాట కాదని నీ కంటి మాట విన్నావు. ఫోటోగ్రఫీ నేర్చుకోవడంలో ఇంతకంటే స్పష్టమైన మెట్టు మరొకటి చూపించమంటే నేను చూపించలేను. నువ్వు దానికి ఒక బ్రాకెట్ ఇచ్చి ఊరుకున్నావు.

ఫిబ్రవరి ఫోటో వేళ ఉదయం 6 గంటల 45 నిమిషాలు. పొద్దు పొడిచి కొద్ది నిమిషాలే అయింది. షెడ్డు నీడ ఇంకా దొంతర మీదనే ఉండగా, తెరిచిన వైపు నుంచి ఆకాశపు వెలుతురు ఏటవాలుగా వచ్చి ఒక్కో బండ అంచును తాకింది. అందువల్ల ఎన్ని బండలున్నాయో లెక్కపెట్టవచ్చు. రాయి నల్లగానే ఉంది, తడిసిన చోట మరింత నల్లగా మెరుస్తోంది, తడిగుడ్డతో తుడుస్తున్న మీ నాన్న చేయి ఒక మూల నుంచి లోపలికి వచ్చింది. ఆ చేయి మాత్రం అలికినట్టుగా ఉంది, నీకు నచ్చనిది అదేనేమో. వివరాల్లో షటర్ వేగం సెకనులో 40వ వంతు అని ఉంది. నీ చేయి కదలకుండా పట్టుకున్నావు కాబట్టి బండలు స్పష్టంగా వచ్చాయి, నాన్న చేయి ఆగలేదు కాబట్టి అది చెదిరింది. పనిలో ఉన్న చేతిని నిలిపి చూపాలంటే షటర్ తెరుచుకుని ఉండే సమయం సెకనులో 250వ వంతును మించకూడదు. అంటే మరో అరగంట ఆగి వెలుతురు పెరిగాక తీయాలి, లేదా ఐఎస్ఓ పెంచి, ఫోటోలో కొంత ఇసుక చల్లినట్టుండే గరుకును భరించాలి. నన్నడిగితే ఆ చెదురును అలాగే ఉంచేస్తాను, పని జరుగుతున్నదని అది చెబుతోంది. కానీ ఇది నీ నిర్ణయం, నీ మేడంకు వేరే అభిప్రాయం ఉండవచ్చు.

ఇప్పుడు నీ మొదటి ఫిర్యాదుకు వస్తాను. రెండు వందలు తీసినప్పుడు అన్నీ నచ్చాయి, పదిహేను తీస్తే ఒక్కటీ నచ్చడం లేదు అన్నావు. దీన్ని నువ్వు దిగజారడంగా లెక్కపెట్టావు. ఒక పని చేసి చూడు. జూన్‌లో తీసిన ఆ రెండు వందల ఫోటోలు ఇంకా ఫోన్‌లో ఉంటే, ఒక సాయంత్రం కూర్చుని వాటిలో పది మాత్రమే ఉంచి మిగిలినవి పక్కన పెట్టు. తీసివేసిన ప్రతిదానికీ ఎందుకు తీసేశావో నోటుబుక్కులో నాలుగు మాటలు రాసుకో. ‘ముఖం మీద నీడ’, ‘వెనక కరెంటు స్తంభం తలలోంచి మొలిచింది’, ‘దేని కోసం తీశానో తెలియదు’ అనే పద్ధతిలో రాస్తే చాలు. జూన్‌లో నీకు ఆ నాలుగు మాటలు రాయడం వచ్చి ఉండేది కాదు. అప్పుడు నీకు అన్నీ నచ్చాయంటే, అవి బాగుండడం వల్ల కాదు, వంకపెట్టడానికి కావలసిన చూపు నీకింకా రాలేదు. ఆ నోటుబుక్కు పేజీ నీ రెండు పేజీల వ్యాసానికి ముడిసరుకు అవుతుంది. గ్రూపులో వచ్చే మెచ్చుకోళ్ల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. స్నేహితులు నిన్ను చూసి మెచ్చుకుంటారు, ఫోటోను చూసి కాదు, అది వాళ్ల మంచితనం.

నా సంగతి కూడా ఒకటి చెబుతాను, ఎందుకంటే ఎదుగుదల అనే మాట వినగానే నాకు గుర్తొచ్చేది అదే. నేను కడపలో ఒక స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో రోలుకు 36 ఫోటోలు వచ్చేవి. ఒక పెళ్లికి నన్ను ఒంటరిగా పంపారు. తలంబ్రాలు, మంగళసూత్రధారణ, అన్నీ తీశాను. 36 దాటి 38 వచ్చినా రోలు అయిపోకపోయేసరికి అనుమానం వచ్చి చూస్తే, ఫిల్ము కొన అవతలి చక్రానికి తగులుకోనే లేదు. నేను మీట తిప్పిన ప్రతిసారీ చక్రం ఒక్కటే తిరిగింది, ఫిల్ము డబ్బా లోపలే పడి ఉంది. ఆ ఇంటివాళ్ల ముఖాలు నేను ఇక్కడ వర్ణించను. ఆ తరువాత ఫిల్ము కెమెరా పట్టిన రోజుల్లో ఎప్పుడూ, మీట తిప్పగానే ఎడమవైపు ఉండే వెనక్కి చుట్టే గుండీ కూడా తిరుగుతోందా లేదా అని నా కన్ను దానంతట అదే చూసేది. అది తిరిగితే ఫిల్ము కదులుతున్నట్టు. నన్ను ఎవరైనా ఆ సంవత్సరంలో ‘నీ ఎదుగుదల గురించి రాయి’ అని ఉంటే, ‘బాధ్యత తెలిసింది’ అని రాసేవాణ్ణేమో. చదివినవాళ్లకు అందులో ఏమీ దొరికేది కాదు. ఆ గుండీ గురించి రాసి ఉంటే దొరికేది.

నీ స్నేహితురాలి వ్యాసాన్ని నేను చదవలేదు కనుక తప్పుపట్టను, ఆమె అనుభవం ఆమెది. కానీ ‘ఓపిక పెరిగింది’ అన్న వాక్యం చిత్రలేఖనం తరగతికీ, కబడ్డీకీ, లెక్కల ట్యూషన్‌కూ సమానంగా అతుకుతుంది. ఏ తరగతికైనా అతికే వాక్యం ఈ తరగతి గురించి ఏమీ చెప్పదు. నీకు ఓపిక పెరిగిందని నాకు తెలుసు, ఎందుకంటే అవ్వ వద్దన్నాక నువ్వు మూడు రోజులు తీయలేదు. ఆ మూడు రోజులు ఏం జరిగిందో రాయి. ఫోన్ ఎక్కడ పెట్టావు, ఆమె పక్కన కూర్చుని నువ్వు కూడా శెనక్కాయలు వొలిచావా, మొదటి రోజు ఆమె వద్దనడానికి కట్టుకున్న పాత చీర కారణమా, నాలుగో రోజు పిలిచినప్పుడు ఏమంది, ఇవన్నీ రాస్తే ఓపిక అన్న మాట నీ కాగితం మీద ఒక్కసారైనా రానవసరం లేదు. ఆ ఫోటోలో అవ్వ కెమెరా వైపు చూడడం లేదు, చేతిలో కాయ వైపు చూస్తోంది, అయినా తనను ఎవరో తీస్తున్నారని తెలిసి స్థిమితంగా ఉంది. దొంగతనంగా తీసిన ఫోటోల్లో ఆ స్థిమితం రాదు. గుమ్మం నుంచి వచ్చే వెలుతురుకు ఆమె ఒక పక్కగా కూర్చోవడం వల్ల ముఖం సగం వెలుగులో, సగం మెత్తని నీడలో ఉంది. అది నువ్వు చెప్పి కూర్చోబెట్టావా, ఆమె రోజూ కూర్చునే చోటేనా? రోజూ కూర్చునే చోటే అయితే, ఆ చోటు మంచిదని నువ్వు గమనించడం కూడా రాయదగినదే.

గండికోట ఫోటో గురించి తొందరగా చెప్పేస్తాను. అది అందరూ తీసే ఫోటో, నీది వాళ్లందరి కంటే ఘోరంగా ఏమీ లేదు, మెరుగ్గానూ లేదు. పెన్న ఎర్రని రాతిని కోసుకుంటూ వెళ్లిన ఆ లోతు చూసినప్పుడు గుండె ఝల్లుమంటుంది, ఫోటోలో మాత్రం ఒక పిల్లకాలువలాగా కనిపిస్తుంది. ఫోన్ కటకం చాలా వెడల్పును ఇముడ్చుకోవడం కోసం దూరపువాటిని చిన్నవి చేసేస్తుంది, మనిషో చెట్టో దగ్గరలో లేకపోతే కొలత తెలియదు, మధ్యాహ్నపు మసకలో అవతలి గట్టు వెలవెలపోతుంది. మళ్లీ వెళ్లినప్పుడు అంచుకు బాగా వెనకనే నిలబడి (అక్కడి రాళ్లను నమ్మడానికి లేదు, ఏ ఫోటో కోసమూ ముందుకు జరగవద్దు), ముందు భాగంలో కోట గోడనో ఒక స్నేహితురాలినో ఉంచి, ఉదయమో సాయంత్రమో తీసి చూడు. పన్నెండింటిలో దీన్ని పెట్టకపోయినా నష్టం లేదు.

కానీ జూలై నాటి బూడిద రంగు బండలను మాత్రం తప్పకుండా పెట్టు. బాగాలేని ఫోటోను ఎందుకు పెట్టాలని నీకు అనిపిస్తుంది. మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా అడవుల్లో మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పక్షి కాబట్టి, ఆ తరువాత దాన్ని వెతికిన పరిశోధకులు పొదల మధ్య నేలను చదును చేసి అడుగుజాడల కోసం చూసేవారు, తమంతట తామే ఫోటో తీసే కెమెరాలను అమర్చేవారు. జాడ పడిన చోటునే కాక, పడని చోటును కూడా వాళ్లు లెక్క రాసుకోవలసిందే, లేకపోతే అది ఎలాంటి పొదల్లో ఉంటుంది, ఎలాంటి చోట ఉండదు అన్నది తేలదు. నీ జూలై ఫోటో అలాంటి లెక్క. అది పక్కన లేకపోతే ఫిబ్రవరి ఫోటో చూసినవాళ్లకు నల్లరాయి నల్లగా ఉండడంలో విశేషమేమిటో తెలియదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పన్నెండూ ‘మంచి ఫోటోలే’ కావాలని మీ మేడం మనసులో ఉంటే, చెడిపోయినదాన్ని ఇచ్చినందుకు మార్కులు తగ్గవచ్చు. కనుక ముందే వెళ్లి, ‘పోల్చి చూపడానికి మొదటి నెలల్లో తీసిన ఒకటి పెడతాను మేడం, పెట్టవచ్చా?’ అని అడుగు. ఎదుగుదల గురించి రాయమన్న ఉపాధ్యాయురాలు దీనికి కాదంటారని నేను అనుకోను, ఒకవేళ అంటే దాన్ని పన్నెండింటి బయట, వ్యాసం మధ్యలో చిన్నగా అంటించు.

రాయడం ఎలా మొదలుపెట్టాలన్నది నీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. మొదటి వాక్యంలోనే జూలై మధ్యాహ్నం ఆ దొంతర ముందు నిలబడు. అప్పుడు ఏం చూశావో, ఫోటో చూసుకుని ఏమనుకున్నావో దాచకుండా రాయి. కెమెరా నలుపును బూడిద చేస్తుందని నీకు ఎప్పుడు, ఎలా తెలిసింది? తరగతిలో మేడం చెప్పారా, తెల్లగోడ తీసి చూపించారా, లేక నీకు నువ్వే ఎప్పుడో విసుగొచ్చి ఆ గుర్తును కిందికి లాగావా? నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది, ఎందుకంటే ఉత్తరంలో ఆ ముక్క లేదు. తరువాత ఫిబ్రవరి ఉదయానికి రా, అంత పొద్దున్నే నిద్రలేచి నాన్నతో ఎందుకు వెళ్లావో చెప్పు. చేయి చెదిరిన సంగతి కూడా దాచవద్దు, ఈసారి తీస్తే ఏం మారుస్తావో రాయి. అవ్వ గురించి రెండో పేజీలో రాయి. ఏడాదిలో నేర్చుకున్న ప్రతిదాన్నీ ఇరికించాలని చూస్తే రెండు పేజీలు జాబితాగా మారిపోతాయి. మూడింట ఒక వంతు గీతలూ, చట్రంలో ఎక్కడ ఏది పెట్టాలన్న సూత్రాలూ నీ మేడంకు తెలిసినవే, అవి నీ నుంచి మళ్లీ వినాలని ఆమె కోరుకోరు.

మిగిలింది అవ్వ ఫోటో. దాన్ని పెట్టవచ్చా అని నన్ను అడిగావు, నిజానికి అడగవలసినది ఆమెను. ఇంట్లో మనుమరాలికి తీయనివ్వడం వేరు, బడిలో ఇరవై మంది ముందు గోడకు తగిలించడానికి ఒప్పుకోవడం వేరు. ఫోన్ తెర మీద చూపించి అడగవద్దు, ఆ వయసులో ఎండ వెలుతురుకు తెర సరిగా కనిపించదు, మొహమాటానికి ‘సరేలే పాపా’ అనేస్తుంది. దగ్గరలోని స్టూడియోలో పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దగా, మెరుపు లేని కాగితం మీద ప్రింటు తీయించి చేతికిచ్చి, ఒక రోజు ఆమె దగ్గరే ఉంచు. మరుసటి రోజు అడుగు. వద్దంటే పన్నెండో స్థానంలో ఆమె కూర్చునే ఆ గుమ్మాన్ని, వొలిచిన శెనక్కాయల పొట్టుతో సహా, ఖాళీగా తీసి పెట్టు. ప్రింటు మాత్రం వెనక్కి తీసుకోవద్దు.